బాగుగా బ్రతుకుట



సజ్జీవనమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదియారు సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవాడు నాలుగు మాటలతో నాపుట దుర్ఘటమని వారెరుగుదురు. అయినను ప్రయత్నించెదను.

మొదట మన నుడికారమునే పరిశీలింతము. "ఫలానివారు బాగా బ్రతికినవారు" అని మన మనునప్పుడు వారికి మాగాణియు, మేడయు, పాడియు కలవని అర్థము. ఆ యాస్తి పోయినవానిని "బ్రతికిచెడినవా"డందుము. ఊపిరి యాడుచునే యున్నది, కాలుసేతులు సరిగానే యున్నవి, గుణమునందు లోపమేమియు లేదు; అయినను వాని బ్రతుకు చెడినదట! ఈ మాటలు మన యరుగులమీదనే పుట్టినవి. పదవీవిరమణ చేసిన తరువాతగాని యీ సంగతి నాకు తట్టలేదు.

పూర్వులు ధనమును నిందింపలేదు. పురుషార్థములలో అర్థము రెండవది. దానికి ముందు ధర్మము నుంచిరి, అంతే. సుఖియైనవాడెవడని యక్షుడడిగినప్పుడు ధర్మరాజు, అప్పు లేక, పరదేశవాసము లేక, ప్రొద్దెక్కిన తరువాతనైనను తన యింట కూర వండుకొని తినువాడని చెప్పెను. ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వశేషమున నా ఘట్టము కలదు. (ఈ సభలో సగముమంది పిల్లలు డాలసులోనో, సిడ్నీలోనో యున్నారు, బ్యాంకి అప్పు లేని గడప యరుదు. ఆ లెక్కను సుఖులు వేదికమీద సయితము దొరకుట కష్టము.) యవనదేశమున అరిస్టాటిలు సైతము సుఖమును ఒకనాటి యనుభవముగా గణింపక, నిండుజీవితమున సద్గుణముతో చేసిన పనులయందు దానిని వెదకెను.

ఇవి పుస్తకములలోని మాటలు. మన యూరి సంగతికి వత్తము.

పేరులోనే అడవియు దీవియు గల అడవులదీవి, సముద్రము దాపున, కృష్ణ పశ్చిమడెల్టా కాలువల కొసయందున్నది. బెజవాడయొద్ద 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తి యయ్యెను; 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చెను. అక్కడ వదలిన నీరు మన చేలకు చేరులోపల నెన్ని తూములు, ఎన్ని బోదెలు దాటవలెనో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు. ఎగువవాడు రాత్రివేళ తూము తలుపు కొంచెమెత్తినచో కొసవాని నారుమడి యెండును. ఎత్తినవానిని దొంగ యని యెవరును పిలువరు. అతనికి కొసవాని ముఖమైనను తెలియదు. ఇక మురుగు సంగతి వేరు. నీరు వచ్చునప్పుడు మనము కడపటివారము. మురుగు వచ్చునప్పుడు మన యూరే దారి.

1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి, రేపల్లె తాలూకాను సైతము ముంచినప్పుడు నేను పదునైదేండ్లవాడను. మా వసారాలో మూడు దినములు తలదాచుకొన్నవారి కులమును మా అమ్మ యడుగలేదు. నీరు తీసిన నెల తిరుగకమున్నే మరల నడుగ మొదలిడితిమి. కులసంఘపు సభలో నీ మాట యనుట తగదని కొందరికి తోపవచ్చును. ఈ సభలో గాక మరెక్కడ ననవలెను?

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. నాకు పిత్రార్జితమైన రెండెకరముల మాగాణి కలదు. ఉద్యోగము ముగిసినపిమ్మట దానిని రొయ్యల చెరువునకు కౌలుకిచ్చితిని. వరికి వచ్చు కౌలునకు ఇది యెన్నియో రెట్లు. నా చేనికి దిగువను ఒక ఎకరము చేసుకొను పేదరైతు కలడు. మన కులమువాడు కాడు. రెండవయేట నతడు వచ్చి, "మాస్టారూ, ఈ ఏడు నారు నిలవలేదండీ," అని మాత్రమనెను. ఉప్పునీరు గట్టునుండి ఊటగా దిగి యతని చేనిని చవుడు చేసినది. అతడు నన్ను నిందింపలేదు, నష్టపరిహార మడుగలేదు. ఆ మాసమున నేను దేవాలయమున గీత మూడవ యధ్యాయమునకు, తనకొరకే వండుకొనువానిని గూర్చి, వ్యాఖ్యానము చెప్పుచుంటిని! మరునాటి సాయంకాలము నాకు గొంతు పెగలలేదు.

చెరువులు సాగుభూములను, త్రాగునీటిని ఉప్పుచేయుచున్నవని 1996 డిసెంబరు 11వ తేదీని సుప్రీంకోర్టు తీర్పునందు స్పష్టముగా వ్రాసినది. 2005లో తీరప్రాంత జలసాగునకు ప్రత్యేక చట్టము వచ్చినది. వార్తాపత్రికలలో చదివి బడిపిల్లలకు చెప్పినవాడను నేనే. చెరువులవలన మన ప్రాంతమున ఎందరో పిల్లలు చదువుకొనిరి, ఇండ్లు లేచినవి, అది కాదనను. 1994, 95 సంవత్సరములలో తెల్లమచ్చ తెగులు సోకి చెరువులు చచ్చినప్పుడు అప్పులపాలైన కుటుంబములను సైతము చూచితిని. నా చెరువు న్యాయమా, కాదా యన్నది వేరు ప్రశ్న. ప్రక్కచేనిని ఒక్కసారియైన నడచి చూడకపోవుట నా దోషము.

కౌలు గడువునకు ముందే చెరువు తీయించితిని. అడ్వాన్సు తిరిగి యిచ్చితిని. కుమారులు కోపించిరి; పెద్దవాడు ఆరు మాసములు ఫోనులో ముక్తసరిగా మాటలాడెను. చవుడు కడుగుటకు రెండు వర్షఋతువులు పట్టినవి. మూడవయేట నతని చేను పండినది, పూర్వమంతగా కాదు.

మన సంచికలో విరాళములిచ్చినవారి చిత్రములు ముద్రించుచున్నారు. అది మంచిదే, విద్యార్థివేతనములు వారివలననే నడచుచున్నవి. అయితే మన సంఘమున ఎగువ చేలుగలవారు చాలమంది కలరు. మాగాణి ప్రక్కను చెరువు త్రవ్వించువారు దిగువరైతును పిలిచి యడుగవలెననియు, ఊటకాలువకు చోటు విడువవలెననియు ఒక తీర్మానము వ్రాసి తెచ్చితిని. మధ్యాహ్నపు సమావేశమున ప్రతిపాదింప ననుజ్ఞ యిండు. దానిని బలపరచుటకు ముందు చూడగోరువారుందురేని, నా చేని గట్టుప్రక్క త్రవ్వించిన బోదె రేపల్లె బస్సు ఆగుచోటునుండి నడకదూరమే. రేపు తెల్లవారినంతనే నేనక్కడ నుందును.