ఇంక్యుబేటరు దాటిన బిడ్డ చెవులు

(సంఘ స్త్రీల కూటములో చేసిన ప్రసంగము)



మేము చాలా ఏండ్లుగా నెలలు నిండని శిశువుల వార్డులో పనిచేయుచున్న నర్సులము. మా పొరపాటు నొకదానిని మొదట మీ యెదుట ఒప్పుకొనవలెను. ఏడవ నెలలో, 1200 గ్రాముల బరువుతో పుట్టిన పాప యొకతె 40 దినములు ఇంక్యుబేటరులో ఉండి బ్రతికినది. తల్లి చేతికి అప్పగించిననాడు పాలు, టీకాలు, బరువు అన్నియు చెప్పితిమి. చెవుల మాట చెప్పలేదు. పాపకు మాటలు రాకున్నను, "వాళ్ల నాన్నకును ఆలస్యముగానే వచ్చినవి" అని ఇంటిలో పెద్దలు ఊరుకొనిరి. రెండేండ్లు నిండిన పిమ్మట పరీక్షింపగా రెండు చెవులును వినబడుట లేదని తేలినది.

పుట్టిన శిశువులలో చెవుడు 1000కి ఒకరు మొదలు ముగ్గురికి ఉండును. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నవారిలో 100కి ఇద్దరు మొదలు నలుగురికి ఉండునని అంచనా. పుట్టగానే ఊపిరి అందకపోవుట, రక్తము మార్చవలసినంత కామెర్లు, మెనింజైటిస్ అను మెదడు పొరల వాపు వినికిడిని దెబ్బతీయగలవు. ప్రాణము నిలుపుటకై ఇచ్చు జెంటామైసిన్ వంటి మందులును కొందరిలో లోపలి చెవిని పాడుచేయును. అవసరమైన మందు మానరాదు, పరీక్ష మరువరాదు.

ఇంట్లో పళ్లెము మ్రోగించి చూచుట చాలదు. బిడ్డ మన చేతి కదలికను చూచియైనను తిరుగును. నిద్రలో, నొప్పి లేకుండ చేయు పరీక్షలు రెండు కలవు. చెవిలో చిన్న గొట్టముంచి చేయు ఓ.ఏ.ఈ. లోపలి చెవిని చూచును గాని, నరములోని లోపమును పట్టలేదు. తలకు తీగలంటించి చేయు బెరా దానిని పట్టును. అందుచేత ఐదు దినములకు మించి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న బిడ్డకు బెరాయే చేయింపవలెను.

ఒకటి, మూడు, ఆరు అను అంకెలు జ్ఞాపకముంచుకొనుడి. మొదటి నెలలో పరీక్ష. మూడు నెలలలోపల నిర్ధారణ. ఆరు నెలలలోపల వినికిడి యంత్రము, మాటల శిక్షణ. నెల దాటియు ఆసుపత్రిలోనే ఉన్న బిడ్డకు ఇంటికి పంపక మునుపే పరీక్ష జరుగవలెను. ఫలితము బాగున్నను, చెవుడు తరువాత రావచ్చును గనుక తొమ్మిదవ నెలలోపల మరల చూపింపుడి.

ఆ పాప ఇప్పుడు యంత్రము పెట్టుకొని మాటలు నేర్చుకొనుచున్నది. పోయిన రెండేండ్లను మాత్రము మేము తిరిగి ఇయ్యలేము. కావున ఇంక్యుబేటరు దాటిన బిడ్డను ఎత్తుకొని ఏ తల్లియైనను మీ మధ్యకు వచ్చినప్పుడు, "బరువెంత?" అని అడుగుటతో ఆగక, "చెవి పరీక్ష అయినదా అమ్మా?" అనియు అడుగుడి.