మిరుగు రాకముందు ఇంటి పనులు



ఈ రోజు వానలకు ముందు పల్లెటూరి ఇంటి చుట్టూ జరిగే పనుల గురించి మాట్లాడుకుందాం. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. రోజూ ఆ పనుల మధ్యే ఉండేవాళ్లకు అవి కంటికి ఆనవు. నాకు ఆనడానికి కారణం, నేను సూరత్ నగరంలోని వరాఛాలో పెరగడమే.

వరాఛా తాపీ నదికి ఎడమ ఒడ్డున ఉంది. వజ్రాలు సానబట్టే కార్ఖానాలకు పేరుపడ్డ ప్రాంతం. సూరత్ బట్టల మిల్లుల్లో, మరమగ్గాల మీద పని చేయడానికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వేలాది చేనేత కుటుంబాలు తరలి వెళ్లాయి. మాదీ అలాంటి కుటుంబమే. నేను చదివింది అక్కడి నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలో. ఏటా మే నెలలో ఊరికి వెళ్లేవాళ్లం. నాకు అవి సెలవులు. మా నాయినకు మాత్రం కావు. రోహిణి కార్తె ఎండల్లో, మిరుగు అంటే మృగశిర కార్తె వచ్చేలోగా, అంటే జూన్ 7, 8 తేదీలలోపు, ఏడాదంతా తాళం వేసి ఉన్న ఇంటిని ఆయన వానకు సిద్ధం చేయాలి.

మొదటి పని ఇంటి కప్పు. మాది గూనపెంకల ఇల్లు. కింది వరుస పెంకలను వెల్లకిలా, కాలువలాగా పరుస్తారు. రెండు కాలువల మధ్య సందు మీద పై వరుస పెంకలను బోర్లా వేస్తారు. వాన నీరు పై పెంక మీంచి జారి కింది కాలువలో పడి చూరుకు చేరుతుంది. ఏడాదిలో కోతులు దూకి, గాలిదుమారాలు వీచి కొన్ని పెంకలు జరుగుతాయి. అంతకంటే ప్రమాదం వేపాకు. అది కాలువలో పేరుకుని మట్టితో కలిసి చిన్న కట్టలా తయారవుతుంది. వచ్చే నీరు అక్కడ ఆగి, పక్కకు పొర్లి, ఇంట్లోకి దిగుతుంది. పెంక ఒక్కటీ పగలకపోయినా ఇల్లు కురవడానికి ఇదే కారణం.

ఎక్కడ కురుస్తుందో వానకు ముందే ఎలా తెలుస్తుంది? నడి మధ్యాహ్నం తలుపులు మూసి, చీకటి ఇంట్లో నిలబడి పైకి చూడాలి. ఎండ చుక్కలు ఎక్కడ కనిపిస్తే అక్కడ లోపం ఉన్నట్టు. ఈ పని నాది. నేను లోపలి నుంచి "ఇంకింత ఎడమకు, నాయినా" అని అరిస్తే ఆయన పైన పెంక సర్దేవాడు. ఆకు కట్టలు మాత్రం ఇలా దొరకవు. వాటి కోసం కాలువ కాలువా ఊడ్చుకుంటూ రావాల్సిందే.

ఒక్క పెంకకు ఇంత శ్రమ ఎందుకంటే, కింద ఉన్నది మట్టిగోడ. పొడిగా ఉన్నంతకాలం అది ఎంత బరువైనా మోస్తుంది. తడి లోపలికి ఇంకితే బలం పోతుంది. పైగా మా ఇంట్లో గుంటమగ్గం ఉండేది. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంటలో నీరు ఊరితే మగ్గం ఆగినట్టే. నేతవాళ్లకు వానకు ముందు ఆరుబయట ఇంకో పని కూడా ఉంటుంది. పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ముసురు పట్టిందంటే అది సాగదు. అందుకే మేలో ఆ వీధుల్లో తెల్లవారకముందే సందడి మొదలయ్యేది.

మిగతావి మీకు తెలిసినవే. పెంటకుప్పను చేలకు తోలడం, కట్టెలు, పిడకలు పంచలోకి చేర్చడం, పెరటి కాలువ తవ్వడం.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ ఇల్లు 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు అనుకోండి. కప్పు ఎంత వాలుగా ఉన్నా, లెక్కకు వచ్చేది అది కప్పిన నేల వైశాల్యమే. అంటే 50 చదరపు మీటర్లు. ఒక రాత్రి 40 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. ఇరవై లీటర్ల బిందెలు వంద. అవి మీ చూరు కిందే పడతాయి. ఎటు పోవాలో మీరు చెప్పకపోతే గోడ మొదట్లోకి పోతాయి.

ఈ లెక్క వరాఛాలో మా పక్కింటివాళ్లకు మరోలా ఉపయోగపడేది. వాళ్లది సౌరాష్ట్రలోని అమ్రేలీ వైపు పల్లె. వజ్రాల పని మీద వచ్చినవాళ్లు. వేసవిలో వాళ్లూ ఊరికి వెళ్లేవారు, పెంకులు సర్దుకునేవారు. వాళ్లు పెంకును నళియా అంటారు. అయితే వాళ్ల ఊరి ఇంట్లో నేలమాళిగ లాంటి నీటి తొట్టి ఉండేది. దాని పేరు టాంకా. వాన రాకముందు కప్పు ఊడ్చి, టాంకా కడిగి, మొదటి వాన నీటిని బయటికి వదిలేసి, తర్వాతి వానలను అందులో నింపుకునేవారు. ఆ నీళ్లే తాగేవారు. మాకు నీరు ఇంట్లోకి రాకూడదని భయం, వాళ్లకు బయటికి పోతుందని బెంగ. పని మాత్రం ఒకటే, నీటి దారిని ముందుగా నిర్ణయించడం.

నగరంలో ఈ పని ఎవరిది? సూరత్‌లో 1994 వర్షాకాలంలో నీరు, చెత్త నిలిచిపోయిన తర్వాత సెప్టెంబరులో ప్లేగు భయం పుట్టి లక్షలమంది ఊరు వదిలారు. 1995లో ఎస్.ఆర్.రావు కమిషనరుగా వచ్చి పారిశుద్ధ్యాన్ని గట్టిగా పట్టించుకున్నారు. అయినా అన్నిటికీ కాలువలు తీయడమే మందని చెప్పలేను. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. ఏ ఇంటివాళ్లు ఎంత సిద్ధపడినా ఆ నీటిని ఆపగలిగేవారు కాదు.

ఒక ఏడు మా నాయినకు మేలో సెలవు దొరకలేదు. పోనీలే, ఒక్క ఏడేగా అనుకున్నాం. శ్రావణంలో ఊరి నుంచి ఉత్తరం వచ్చింది, వెనక గోడ పడిందని. దూలం నిలిచింది కానీ మగ్గం గుంట నిండా మట్టి. మళ్లీ వెళ్లినప్పుడు నాయిన ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పైన ఒకచోట, రెండు పెంకల మధ్య, ఎండి అట్టకట్టిన వేపాకు ఇంకా అలాగే ఉంది.