బొంత మీద మా తండా

 

 ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు ముఖ్యంగా మీకే. సంఘం వాళ్లు హాస్టల్ గురించి చెప్పమన్నారు. ర్యాంకుల గురించి, సీట్ల గురించి చెప్పేవాళ్లు మా తర్వాత చాలామంది ఉన్నారు. మేం ఈ ఏడాది ఆదివారాల్లో మా అమ్మాయిలతో కలిసి నేర్చుకున్న ఒక పని గురించి చెబుతాం. బొంత కుట్టడం.

నవ్వండి, పరవాలేదు. మా అమ్మాయిలూ నవ్వారు.

హాస్టల్లో దుప్పట్లు ఇస్తారు. ఇంటి నుంచి బొంత తెచ్చుకున్న పిల్ల దాన్ని ట్రంకు పెట్టె అడుగున దాస్తుంది. చలికాలంలో లైట్లు ఆర్పాక తీసి దుప్పటి కింద కప్పుకొంటుంది. రాత్రి రౌండుకు వెళ్లే వార్డెన్లకు ఇవన్నీ తెలుస్తాయి. పైగా చదువుకునే రోజుల్లో మేమూ అలాగే దాచాం. బొంత బయట పడితే మన ఇల్లు బయట పడినట్టే అనుకునేవాళ్లం.

టీచర్ ట్రైనింగ్‌లో కోలాజ్ చేయించేవారు. పాత పత్రికల్లోని రంగు కాగితాలు చించి, చార్టు మీద అంటించి బొమ్మ తయారుచేయడం. ఆ పనే గుడ్డ మీద చేస్తే? మామూలు బొంతలో ముక్క పక్కన ముక్క అతుకుతాం. కోలాజ్ బొంతలో ముక్కల్నే చెట్టుగా, ఇల్లుగా, మనిషిగా కత్తిరించి పరుస్తాం. మా అమ్మాయిలు తమ తండా బొమ్మ వేద్దామన్నారు. చింతచెట్టు, బోరింగు, చెరువు, తీజ్ బుట్టల్లో మొలిచిన గోధుమ నారు.

దర్జీ దుకాణంలో అడిగితే సంచినిండా గుడ్డ ముక్కలు ఊరికే ఇచ్చారు. అక్కడి నుంచి తప్పుల మీద తప్పులు చేశాం. ముక్కలు కదలకుండా మైదా జిగురు రాశాం, తెల్లారేసరికి చీమలు బారులు కట్టాయి. తర్వాత జిగురు మాని గుండుసూదులు పెట్టి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకున్నాం. జార్జెట్ ముక్క జారిపోతుంది, అంచు పోగులు లేస్తుంది, ఇస్త్రీ పెట్టె వేడెక్కువైతే కరిగి దానికే అంటుకుంటుంది. నూలు ముక్కలే మేలు. వాటిలోనూ ఎర్రగుడ్డను నమ్మకూడదు. ముందుగా తడిపి తెల్ల పేలిక మీద అద్ది చూడాలి. మేం చూడలేదు. ఉతికాక మా మేకపిల్ల గులాబీ రంగులోకి మారింది. అలాగే ఉంచేశాం.

అన్నింటికన్నా కష్టం రంగు ఎంచడం. పచ్చచెట్టు వెనక పచ్చపొలం పెడితే చెట్టు కనపడదు. మా పదో తరగతి అమ్మాయి ఒకరు ఉపాయం చెప్పింది. ముక్కలు పరిచాక ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయాలి. ఏది ముదురు, ఏది లేత అన్నది అప్పుడు తెలిసిపోతుంది. ట్రైనింగ్‌లో మాకెవరూ చెప్పని పాఠం ఇది.

పైగుడ్డ పూర్తయ్యాక మధ్యలో పాత చీర మడతలు, కింద మరో గుడ్డ పెట్టి అన్నీ కలిపి కుట్టాలి. మేం నాలుగు అంచులు ముందు కుట్టేశాం. నడుమ పూరీలా ఉబ్బింది. అన్నీ విప్పి, నడుమ నుంచి బయటికి కుట్టుకుంటూ వచ్చాం. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలున్నారు, వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు. ఆ ఆడవాళ్లు కుట్టే కవుదిలో పని అంచు నుంచే మొదలై లోపలికి వెళ్తుంది. అయినా ఉబ్బదు. వాళ్లు ముక్కను అతికేటప్పుడే అన్ని పొరలూ కలిపి కుట్టేస్తారు కాబట్టి. చివర్న నాలుగు మూలల్లో మడత ముక్కలతో పువ్వులు పెడతారు. ఆ పువ్వులు లేనిదే కవుది పూర్తయినట్టు కాదు.

ఇక చెప్పడానికి మాకు కష్టంగా ఉన్న సంగతి.

చెరువు మెరవాలని మా తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాయనమ్మ పాత టుక్రి తెచ్చింది. అద్దాలు, గవ్వలు, చేతికుట్టు. అంచు చిరిగి ఉంది. "కత్తిరించనా మేడమ్?" అని అడిగింది. కత్తెర తీసుకొని మేమే కత్తిరించాం. పాతదే కదా అనుకున్నాం. టీచరు చదువు చదివి, ఆ తండాల్లోనే పుట్టి, ఇంట్లో ఒక మాట అడగాలని మాకు తోచలేదు.

నెలాఖరుకు ఆ పెద్దావిడ మనవరాలిని చూడటానికి వచ్చింది. బొంత మీద చెరువును చూసింది. తెగిన అంచు వెంట వేలు పోనిచ్చింది. "ఇది కప్పుకొనే ఈ తండాకు కోడలిగా వచ్చాను" అంది మన భాషలో. కోప్పడలేదు. మిగతాది ఎక్కడుందని మాత్రం అడిగింది. చెత్త సంచి బోర్లించి అందరం వెతికాం. మూడు ముక్కలు దొరికాయి. కొంగున కట్టుకొని వెళ్లిపోయింది.

మన తండాల్లో ఇంకొకటి చూస్తూనే ఉన్నాం. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వస్తారు. ఇంట్లో ఎవరూ కట్టుకోవడం లేదని ఫేటియా, కాంచళి వాళ్లకు వేసేస్తాం. మరోపక్క సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు మన లంబాణీ ఆడవాళ్లు చేసిన 1755 వస్తువులను ఒకేచోట పెడితే అది గిన్నిస్ రికార్డు అయింది. అదే సూది, అదే అద్దం. ఇక్కడ మాత్రం గిన్నెకు పోతోంది.

అమెరికాలో హారియట్ పవర్స్ అనే ఆవిడ ఉండేది. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. గుడ్డ బొమ్మలు కత్తిరించి బైబిలు కథలతో బొంత కుట్టింది. కొంటామని అడిగితే మొదట ఇవ్వనంది. తర్వాత ఇల్లు గడవక 5 డాలర్లకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఏ బొమ్మ ఏమిటో వివరంగా చెప్పింది, కొన్నావిడ రాసి పెట్టుకుంది. హారియట్ తర్వాత కూడా చాలాసార్లు వాళ్లింటికి వెళ్లి బొంతను చూసుకొని వచ్చేదట. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఈ కథ మా అమ్మాయిలకు చెప్పిన రోజు తొమ్మిదో తరగతి పిల్ల అన్నం తినకుండా లేచి వెళ్లిపోయింది. ఎందుకో మేం అడగలేదు.

ఇప్పుడు మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. దర్జీ ముక్కలు ఎన్నైనా కత్తిరించవచ్చు. ఇంటి నుంచి వచ్చిన కుట్టుబట్టకు కత్తెర తగలకూడదు. ఫొటో తీసి, ఎవరు కుట్టారు, ఎప్పుడు కట్టుకున్నారు అని పెద్దవాళ్లను అడిగి నోటుబుక్కులో రాసుకోవాలి. చెరువులో మెరుపు కావాలంటే కొత్త అద్దాలు కొని కుట్టుకోవాలి. నేర్పడానికి తండాలో ఇంకా కొందరు ఉన్నారు. తమ్ముళ్లూ, మీరూ రండి. మాకు ముక్కలిచ్చిన దర్జీ కూడా మగవాడే.

బొంత ఇప్పుడు మా భోజనాల గదిలో వేలాడుతోంది. ట్రంకు పెట్టెల్లోంచి రెండు బొంతలు మంచాల మీదికి వచ్చాయి, అన్నీ రాలేదు. ఆ పెద్దావిడ మళ్లీ హాస్టల్‌కు రాలేదు. తీజ్‌కు మేమే బొంత తీసుకొని వాళ్ల తండాకు వెళ్దామని అమ్మాయి అంటోంది. చెరువు కుట్లు విప్పి, ఆ ముక్క ఆవిడ చేతికి ఇచ్చేయాలా, అలాగే ఉంచాలా అన్నది అక్కడే ఆవిడను అడుగుతాం.