ఉక్కు పోసే అచ్చు ఎందుకు ఊగుతుంది?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ఉద్యోగంలో చూసిన ఇంజనీరింగ్ గురించి పిల్లలకు కూడా అర్థమయ్యేటట్టు ఒక పావుగంట మాట్లాడండి అని కార్యదర్శి గారు అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉక్కు పోత పోసే విభాగంలోనే పనిచేశాను. పావుగంటలో కర్మాగారమంతా తిప్పి చూపించలేను కాబట్టి ఒక్క ప్రశ్నే తీసుకుంటాను. ఉక్కు తయారీలో పెద్ద పెద్ద ఆవిష్కరణలు ఎక్కడ పుట్టాయి? నాకు తెలిసినంతవరకు, రోజూ ఇబ్బంది పెడుతున్నా అందరూ "ఇది ఇంతేలే" అని సర్దుకుపోయిన చోట, ఎవరో ఒకరు సర్దుకుపోకపోతే పుట్టాయి.

మన ఇంటి నుంచే మొదలుపెడదాం. నిజామాబాద్ ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది మొదట్లో ఆ ప్రాంతంలో తిరిగిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు దీన్ని రాసిపెట్టాడు. ఇనుప ముక్కల్ని, కర్బనం ఇచ్చే పదార్థాల్ని మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. అందరూ ఆ ఉక్కుతో చేసిన కత్తుల గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ మూసే గొప్పగా కనిపిస్తుంది. అంత వేడికి మామూలు మట్టికుండ పగులుతుంది, మెత్తబడుతుంది. మన వాళ్లు ఆ మట్టిలో వరి ఊక కలిపారు. ఊక కాలాక మిగిలే సిలికా, కర్బనం ఆ మూసకు బలమయ్యాయి. ఇప్పటికీ పోత విభాగాల్లో టండిష్‌లోని ద్రవ ఉక్కు వేడి పోకుండా పైన ఊక బూడిద చల్లుతారు. టండిష్ అంటే లాడిల్‌కూ అచ్చుకూ మధ్య ఉండే తొట్టి.

మూసలో ఒకసారికి కొద్దిపాటి ఉక్కే వస్తుంది. టన్నుల లెక్కన తీసే దారి 1856లో హెన్రీ బెస్సెమర్ చూపించాడు. కరిగిన ఇనుములోకి కింది నుంచి గాలి ఊదితే అందులోని కర్బనం, సిలికాన్ కాలిపోతాయి. ఆ కాలిన వేడే లోహాన్ని ద్రవంగా ఉంచుతుంది, వేరే బొగ్గు అక్కర్లేదు. లైసెన్సులు కొన్నవాళ్లు సంబరపడ్డారు, కాని కొందరికి వచ్చిన ఉక్కు చల్లబడ్డాక పెళుసుగా విరిగిపోయింది. వాళ్ల ఖనిజంలో ఉన్న భాస్వరం కన్వర్టర్‌లో పోవడం లేదు. దాంతో భాస్వరం ఉన్న ఖనిజం ఈ పనికి పనికిరాదని తేల్చేశారు. యూరప్‌లో ఉన్న ఖనిజంలో చాలా భాగం అలాంటిదే.

ఇరవై ఏళ్ల తర్వాత దీన్ని విప్పినవాడు ఉక్కు నిపుణుడు కాదు. లండన్ పోలీసు కోర్టులో గుమాస్తా, పేరు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. పగలు కోర్టు పని, సాయంత్రం రసాయనశాస్త్రం క్లాసులు. అందరూ ఖనిజాన్ని తప్పుపడుతుంటే అతను కన్వర్టర్ లోపలి ఇటుకల్ని అనుమానించాడు. అవి సిలికా ఇటుకలు, ఆమ్ల స్వభావం ఉన్నవి. భాస్వరం కాలి ఆమ్లమే అవుతుంది, ఇక ఆ రెండూ కలవవు. లోపలి పూతను డోలమైట్ లాంటి క్షార పదార్థంతో వేసి, సున్నం కలిపితే భాస్వరం స్లాగ్‌లోకి పోతుందన్నాడు. వేల్స్‌లోని ఒక ఇనుప కర్మాగారంలో రసాయనవేత్తగా ఉన్న దాయాది పెర్సీ గిల్‌క్రిస్ట్ ప్రయోగాలు చేసిపెట్టాడు. 1879లో మిడిల్స్‌బరోలో పెద్ద కన్వర్టర్‌లో చేసి చూపించారు. బయటికి వచ్చిన స్లాగ్‌లో భాస్వరం ఉంది కాబట్టి దాన్ని పొడిచేసి పొలాలకు ఎరువుగా అమ్మారు. థామస్ 1885లో, 34 ఏళ్లకే చనిపోయాడు. క్షార పూత మాత్రం నిలిచింది. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలై, మన దేశంలో మొదట రూర్కెలాకు వచ్చిన ఆక్సిజన్ కన్వర్టర్ లోపల ఉండేది కూడా క్షార ఇటుకే.

ఇక నేను అన్నం తిన్న పనికి వస్తాను. తయారైన ద్రవ ఉక్కును ఏదో ఒక ఆకారంలో గట్టిపరచాలి. వెనకటి రోజుల్లో పెద్ద పెద్ద ఇనుప అచ్చుల్లో దిమ్మెలుగా పోసి, చల్లార్చి, మళ్లీ కాల్చి, భారీ రోలింగ్ మిల్లులో సాగదీసేవారు. ప్రతి దిమ్మె తలభాగంలో గుంట పడేది, ఆ ముక్క కోసి పారేయాల్సిందే. అలా కాకుండా అడుగులేని అచ్చులో పై నుంచి పోస్తూ, కింది నుంచి గట్టిపడిన కడ్డీని లాగుతూ ఉంటే ఎంత బాగుంటుంది! ఈ ఊహ బెస్సెమర్ కాలం నుంచీ ఉంది. చేయబోతే మాత్రం కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చెబుతాను. అచ్చు రాగిది. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందులో పోసే ఉక్కు 1500 డిగ్రీల పైన ఉంటుంది. రాగి వెనక నీళ్లు వేగంగా పారుతూ వేడిని లాగేస్తాయి కాబట్టి అచ్చు కరగదు, దాన్ని తాకిన ఉక్కు పొర కడుతుంది. అచ్చు అడుగు నుంచి బయటికి వచ్చేటప్పటికి ఆ పొర మందం ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే. తాటిముంజ తిన్నవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. బయట పలచని గట్టి పొర, లోపల ద్రవం. ఆ పొర అచ్చుకు ఎక్కడైనా అంటుకుందా, కింది నుంచి లాగేసరికి చిరుగుతుంది. లోపలి ఉక్కు బయటికి దూకుతుంది. దీన్నే మేము బ్రేకౌట్ అంటాం. కింద నీటి జల్లులు, పైన కరిగిన ఉక్కు. ఆ రెండూ కలిస్తే పేలుడే. బ్రేకౌట్ అన్న మాట వింటే పోత విభాగంలో మనుషులకు గుండె ఆగినంత పనవుతుంది.

1930లలో జర్మనీలో సీగ్‌ఫ్రీడ్ యుంగ్‌హన్స్ అనే ఆయన ఇత్తడి పోత పోస్తూ ఈ అంటుకోవడాన్ని పట్టుకున్నాడు. అచ్చును కదలకుండా బిగించడం మానేసి, దాన్నే పైకీ కిందికీ ఊపాడు. తర్వాత, 1950లలో ఇంగ్లండ్‌లోని బారోలో దీన్ని ఇంకొంచెం సవరించారు. కిందికి దిగేటప్పుడు అచ్చు, ఉక్కు కడ్డీ కంటే కాస్త ఎక్కువ వేగంతో దిగాలి. ఆ కొద్ది క్షణం అచ్చు పొరను వెనక్కి లాగదు, కిందికి నొక్కుతుంది. చిన్న చిరుగు ఉంటే అతుక్కుంటుంది. అచ్చుకూ పొరకూ మధ్యకు నూనో, కరిగిన పొడో దిగుతుంది. ఊపు ఎంత? కొద్ది మిల్లీమీటర్లు, నిమిషానికి వందకు అటూ ఇటూగా. పక్కన నిలబడితే జల్లెడ పట్టినట్టు కనిపిస్తుంది. ఈ చిన్న కదలికతోనే నిరంతర పోత ఉక్కుకు పనికొచ్చింది. మన విశాఖ ఉక్కు కర్మాగారం పుట్టినప్పుడే మొత్తం ఉక్కును ఈ పద్ధతిలోనే పోసేటట్టు కట్టారు.

అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. నేను పనిచేసిన చోట ఒక కాలంలో ఒకే ఒక స్ట్రాండ్‌లో, అచ్చు దిగాక కాస్త కిందగా, పొర మళ్లీ మళ్లీ తెగేది. చాలామంది అచ్చును అనుమానించారు. మార్చి చూశారు, తగ్గలేదు. మా దగ్గర ఐటీఐ చదివిన ఫిట్టర్ ఒకాయన ఉండేవారు. ఎక్కువ మాట్లాడని మనిషి. పోత నడుస్తున్నప్పుడు ఆయన ఆవిరిని చూసేవారు. "సార్, ఆ పక్క ఆవిరి పలచగా ఉంది" అన్నారు ఒకరోజు. అంటే ఆ పక్క నీళ్లు తక్కువ పడుతున్నాయి. స్ప్రే నాజిళ్లలో సున్నం పేరుకుని ఉండాలి. విప్పి చూస్తే పైకి అన్నీ బాగానే కనిపించాయి.

ఆయన తుక్కు పైపులతో ఒక స్టాండు చేశారు. రేకుతో గళ్లు గళ్లుగా ఒక ట్రే చేశారు. స్ప్రే పైపును విప్పి తెచ్చి ఆ స్టాండుకు బిగించి నీళ్లు వదిలారు. ఏ గడిలో నీళ్లు తక్కువ నిండితే ఆ నాజిల్ మూసుకున్నట్టు. చిన్నపిల్లాడు చూసినా తెలిసిపోతుంది. అప్పటి నుంచి ఆ పరీక్ష అయ్యాకే పైపులు తిరిగి బిగించేవారు, ఆ స్ట్రాండ్ కుదుటపడింది. ఆ ట్రేకు పేటెంట్ లేదు, రాదు కూడా. కాని ఆ ప్లాట్‌ఫాం మీద పనిచేసిన వాళ్లు షిఫ్టు దిగి క్షేమంగా ఇళ్లకు వెళ్లడంలో దానికి భాగముంది. థామస్ చేసిందీ, యుంగ్‌హన్స్ చేసిందీ, ఆయన చేసిందీ ఒకే తరహా పని. పరిమాణమే తేడా.

ఆయనకు రేకు కత్తిరించడం, అతకడం చేతులకు వచ్చు. అందుకే మనసులో తోచింది మర్నాటికల్లా వస్తువైంది. ఆ విద్య ఆయన బడిలోనే మొదలుపెట్టారట, క్రాఫ్ట్ పీరియడ్‌లో.

మిత్రులారా, మన బడికీ ఒక క్రాఫ్ట్ షెడ్ ఉండేది. రంపం, బాడిశ, ఆకురాయి, బెంచి వైస్ అక్కడే మొదటిసారి పట్టుకున్నాం. మొన్న చూశాను, దానికి తాళం ఉంది, లోపల విరిగిన బల్లలున్నాయి. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలన్న ప్రతిపాదన ఉందని విన్నాను. కట్టండి, ముచ్చటగా ఉంటుంది. ఐతే అందులో కొంత ఈ షెడ్డుకు కేటాయించమని సభను ప్రార్థిస్తున్నాను. నాలుగు వైస్‌లు, ఒక డ్రిల్లింగ్ యంత్రం, రేకు కత్తెరలు, కళ్లద్దాలు, గ్లవ్స్ చాలు. మన సంఘంలో రిటైరైన ఫిట్టర్లున్నారు, వెల్డర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు. వారానికి ఒకరోజు వంతులవారీగా వచ్చి కూర్చుంటే, పిల్లలకు బడిలో ఏది సరిగా పనిచేయడం లేదో వెతికి బాగుచేయడమే పాఠం అవుతుంది. కారే కుళాయి, ఇరుక్కునే తలుపు, వంగిన గంట స్తంభం, ఏదైనా సరే. మొదటి డ్రిల్లింగ్ యంత్రం ఖర్చు నాది. శనివారాలు నావి.

గురువుగార్లు అనుమతిస్తే వచ్చే నెలలోనే తాళం తీద్దాం.