మూడో నిబంధనలోని వెసులుబాటు
జేమ్స్ నైస్మిత్ స్మారకోపన్యాసం

బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్‌ను తలుచుకునే వేళ, ఆ ఆటలో అన్నిటికంటే ఎక్కువ తగాదాలు తెచ్చే నిబంధన గురించి మాట్లాడుకోవడం సబబు. ఏ కోర్టు పక్కన నిలబడినా "స్టెప్స్! స్టెప్స్!" అనే అరుపు వినబడుతుంది. రెఫరీ విజిల్ వేసి రెండు పిడికిళ్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేసిన తప్పు. బంతి అవతలి జట్టుకు పోతుంది. తిప్పకపోతే గ్యాలరీ రెఫరీ మీద పడుతుంది.

1891 డిసెంబరు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాల. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడించడానికి ఒక ఆట కావాలి. నైస్మిత్ తర్కం సూటిగా సాగింది. బంతి పట్టుకుని పరుగెత్తే ఆటల్లో ఆ పరుగు వల్లే మనిషిని పట్టి పడేస్తున్నారు. పరుగే లేకపోతే పడేయాల్సిన పనే లేదు. ఆయన రాసిన 13 నిబంధనల్లో మూడోది ఇదే: బంతి అందుకున్న చోటి నుంచే విసరాలి. దానికే ఒక వెసులుబాటు కూడా తగిలించాడు. మంచి వేగంతో పరుగెత్తుతూ బంతి అందుకున్నవాడు ఆగడానికి ప్రయత్నిస్తే కాస్త సర్దుకుపోవాలన్నాడు.

ఎన్ని అడుగులదాకా? నైస్మిత్ చెప్పలేదు. ఆ తర్వాతి చరిత్రంతా ఆ "కాస్త"ను కొలిచే ప్రయత్నమే.

కదలనివ్వని ఆటలో కదిలే దారిని ఆటగాళ్లే వెతుక్కున్నారు. బంతిని నేలకు కొట్టి మళ్లీ తామే అందుకోవడం మొదలుపెట్టారు. 1890ల చివరికే యేల్ విశ్వవిద్యాలయం జట్టు ఈ డ్రిబుల్‌కు పేరు తెచ్చుకుంది. మరి డ్రిబుల్ లేకపోతే ఏమవుతుందో 1936 బెర్లిన్ ఒలింపిక్స్ చూపించింది. ఫైనల్ ఆరుబయట, వానలో జరిగింది. బురదలో బంతి లేవలేదు. పాస్‌లే దిక్కయ్యాయి. అమెరికా కెనడాను 19-8తో ఓడించింది. ఆ ఒలింపిక్స్‌కు నైస్మిత్ స్వయంగా వెళ్లాడు.

కదిలేవాడికి డ్రిబుల్ దొరికితే, ఆగినవాడికి దక్కిన హక్కు పివట్. ఒక కాలు నేలకు నాటి, రెండో కాలును ఎటైనా, ఎన్నిసార్లైనా వేయవచ్చు. రెండు కాళ్లూ నేలమీద ఉండగా బంతి అందితే, ఏది ముందు లేపితే రెండోది పివట్ కాలు అవుతుంది. ప్రేక్షకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పివట్ కాలు లేపడం తప్పు కాదు. పాస్‌కో షాట్‌కో లేపవచ్చు, కాకపోతే అది మళ్లీ నేలను తాకేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. డ్రిబుల్ మొదలుపెట్టాలంటే మాత్రం కాలు లేవకముందే బంతి చేయి దాటాలి.

ఈ హక్కును హకీమ్ ఒలాజువాన్‌లా వాడుకున్నవాళ్లు అరుదు. లాగోస్‌లో ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడి పెరిగిన ఆ కాళ్లకు 1995లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో డేవిడ్ రాబిన్సన్ ఎదురుపడ్డాడు. ఒలాజువాన్ బుట్టకు వీపు పెట్టి నిలబడతాడు, భుజం ఒకవైపు ఊపుతాడు, షాట్ వేస్తున్నట్టు బంతి ఎత్తుతాడు. రాబిన్సన్ గాల్లోకి లేస్తాడు. ఈయన అతని పక్కనుంచి అడుగు వేసి బంతిని బుట్టలో వేస్తాడు. రాబిన్సన్ ఆ ఏడాది ఎన్‌బీఏలో అత్యంత విలువైన ఆటగాడు!

అడుగుల తగాదా 2009లో ముదిరింది. జనవరి 4న వాషింగ్టన్‌లో ఆట చివరి క్షణాల్లో లెబ్రాన్ జేమ్స్ మీద ట్రావెలింగ్ పడింది. అది తన "క్రాబ్ డ్రిబుల్" అనే కదలికే, తప్పు కాదని ఆయన వాదించాడు. ఆయన జట్టు క్లీవ్‌లాండ్ 77-80తో ఓడింది. అదే ఏడాది అక్టోబరుకు ఎన్‌బీఏ నిబంధనల పుస్తకంలో రెండు అడుగులు అన్న మాట స్పష్టంగా చేరింది. రెఫరీలు అప్పటికే ఇస్తున్నదాన్ని పుస్తకం ఆలస్యంగా ఒప్పుకుందన్నమాట.

అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2017 అక్టోబరులో అదే దారి పట్టింది. పరుగులో బంతి చేతికి చిక్కినప్పుడు నేలమీద ఉన్న కాలు లెక్కలోకి రాదు, అది సున్నా. ఆ తర్వాత నేలను తాకేది ఒకటి, దాని తర్వాతది రెండు. అక్కడి నుంచే డ్రిబుల్ మొదలుపెట్టాలనుకుంటే రెండో అడుగు పడకముందే బంతి వదలాలి. అందుకే రెఫరీ పని పాదాలు చూడటంతో తీరదు. బంతి ఎప్పుడు అదుపులోకి వచ్చిందో ముందు తేల్చుకోవాలి, లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ క్షణం సెకనులో చిన్న ముక్క. టీవీలో నెమ్మదిగా తిప్పి చూసినవాళ్లు కూడా చెరోమాట చెప్పేది దానిమీదే.

అమెరికా హైస్కూళ్ల నిబంధనల్లో ఈ సున్నా లేదు. బంతి అందినప్పుడు నేలమీదున్న కాలే అక్కడ పివట్ అవుతుంది. డల్లాస్‌లో స్కూలు జట్టుకు ఆడే తెలుగు కుర్రాడు సెలవుల్లో హైదరాబాద్ వచ్చి, ఫిబా నిబంధనలతో నడిచే పోటీ చూశాడనుకుందాం. కుడికాలు నేలమీద ఉండగా బంతి పట్టి, ఎడమ, కుడి వేసి లేఅప్ కొడితే ఇక్కడ రెండు పాయింట్లు. అక్కడ విజిల్.