రాతికీ ఊరుపేరు కావాలి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కుండల్‌వాడి బజారులో కొత్తవారు తెలుగు మాట్లాడితే చాలు, పేరైనా అడుగకముందే "మీదే ఊరు?" అని అడుగుతాము. 1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయి ఈ ఊరు నాందేడు జిల్లాతోపాటు బొంబాయి రాష్ట్రములో కలిసినది. 1960లో మహారాష్ట్ర అయినది. అయినా ఆ ప్రశ్న మనలను విడువలేదు. రాళ్ళను కూడా అదే ప్రశ్న అడుగవలెనని ఈనాడు మేము మనవి చేయదలచినాము. పండుగపూట రాళ్ళ గొడవ ఏమిటని నవ్వకండి.

మన పొరుగు నిజామాబాదు పల్లెలనుండి ఎందరో యువకులు బ్రతుకుతెరువుకై గల్ఫు దేశాలకు పోయినారు. వారికి ఎడారి అంటే ఎండ, ఇసుక, పని. కాని సౌదీ అరేబియాలోని హాయిల్ ప్రాంతములో జుబ్బా, షువైమిస్ అను చోట్ల కొండరాళ్ళమీద వేట బొమ్మలు చెక్కి ఉన్నవి. షువైమిస్‌లో ఒక వేటగాడు విల్లు ఎక్కుపెట్టి నిలిచినాడు, చుట్టూ కుక్కలు. కొన్ని కుక్కల మెడనుండి అతని నడుమువరకు గీత ఉన్నది. పలుపు అన్నమాట! ఎనిమిది వేల యేండ్ల నాటివి కావచ్చునని పరిశోధకుల అంచనా. ఆనాడు జుబ్బా దగ్గర చెరువు ఉండేది, పచ్చిక ఉండేది. ఈ రాళ్ళను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

జోర్డాను ఎడారిలో ఇంకొక వింత ఉన్నది. 1920 తరువాతి యేండ్లలో విమానాలు నడిపేవారు పైనుండి చూస్తే నేలమీద పెద్ద గాలిపటములవలె రాతిగోడలు కనబడినవి. రెండు గోడలు ఎడంగా మొదలై, చాలా దూరము సాగి, దగ్గరపడి ఒక దొడ్డిలో కలుస్తవి. దొడ్డి అంచున గోతులు. జింకల మందను అదిలించి అందులోనికి తోలేవారు. వాగుకు అడ్డకట్ట వేసి, సందులో బుట్ట పెట్టి చేపలు పట్టినట్లే! అటువంటి దొడ్డి నమూనాను కొలతప్రకారము చెక్కిన రాయి ఒకటి 2015లో దొరికినది. ఎత్తు 80 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, వయస్సు సుమారు ఏడు వేల యేండ్లు. ఆ దొడ్లనడుమ, వేటగాండ్ర మకాములోనే దొరికినది కనుక అది ఏమిటో తెలిసినది. సంతలో దొరికి ఉంటే పిచ్చిగీతలనుకొని బట్టలుతికే బండ చేసేవారు.

మన తెలుగుదేశము తక్కువ తినలేదు. నేటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1844లో న్యూబోల్డు లోకానికి తెలిపినాడు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వితే ఖడ్గమృగము ఎముకలు కూడా బయటపడినవి. మన సీమలో ఖడ్గమృగము! అక్కడికి చేరువలోని జ్వాలాపురంలో, 74,000 యేండ్ల క్రితము సుమత్రాలోని తోబా అగ్నిపర్వతమునుండి వచ్చిపడిన బూడిద ఉన్నది. బూడిద క్రింద రాతి పనిముట్లు, బూడిదపైన కూడా రాతి పనిముట్లు. 2007లో ఈ సంగతి ప్రకటించిన బృందానికి పెద్ద మైకేల్ పెట్రాగ్లియా. ఆయన తరువాత అరేబియా ఎడారిలోనే పరిశోధన సాగించినారు. మన కూలీలు పోయిన దిక్కుకే, వేరే పనిమీద. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో ఎర్రరంగుతో దుప్పులను, జింకలను చిత్రించిన బండలున్నవి. భీముడు ఎక్కిన గుట్ట అని జనము చెప్పుకొంటున్నా, ఆ చేతులు పాండవుల కథకంటే పాతవి.

ఇక మన గోదావరి. 1865లో పైఠణు దగ్గరి ముంగి గ్రామమువద్ద, పాత జంతువుల ఎముకలున్న కంకర పొరలో వైన్ అను భూగర్భశాస్త్రజ్ఞునికి మనిషి కొట్టిన అగేటు రాతిపెచ్చు ఒకటి దొరికినది. అరచేతిలో పట్టే ముక్క. ఆ పొరలో, ఆ ఎముకల సరసన దొరకడమే దాని గొప్ప. ముంగిని దాటిన నీరే నాందేడుమీదుగా మనవైపు వచ్చి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొంటున్నది.

చిన్నతనములో మేమూ మంజీర ఇసుకలో నున్నని రాళ్ళు ఏరుకొని సంచి నింపేవారము. కొన్నింటికి అంచు కత్తివలె ఉండేది. తాత వాటితో చెకుముకి కొట్టి దూది అంటించి చూపేవాడు. పెచ్చులు ఎగిరిపోతే చప్పట్లు కొట్టినాము. వాటిలో ఎన్ని ఎవరో వేటగాని చేతిలో పుట్టినవో! మాకు తెలియలేదు, మమ్మల్ని ఎవరూ వారించలేదు.

మా ఇంటి గూటిలో ఇంకా మూడు రాళ్ళున్నవి. ఏ రేవునుండి తెచ్చినామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.