రాయలసీమ మన్ను - రాయలసీమ యువకుడు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విద్యార్థులను, రైతు యువకులను ఉద్దేశించి చేసిన ఉపన్యాస పాఠము)



మన్నును గూర్చియు, నీటిని గూర్చియు, యువకుల విద్యను గూర్చియు మాటలాడుమని నన్ను కోరినారు. ఈ మూడును వేఱు వేఱు విషయములని మన కచేరీలలో తలంచుచుందురు. ఒక్కొక్క దానికొక శాఖ, ఒక అధికారి, ఒక దస్తరము! పొలమున కీ విభాగము తెలియదు. వాన కురిసిన నీరు పాఱును. నీటితో మన్ను పోవును. మన్ను పోయిన పొలమును విడిచి పిల్లవాడు బెంగుళూరికో హైదరాబాదునకో పోవును. ఒకే వంకలో కొట్టుకొనిపోవు వస్తువులివి.

మొదట నొక చిన్న లెక్క చెప్పెదను. ఎకరము నేలపై ఒక్క మిల్లీమీటరు వాన కురిసినచో నది నాలుగువేల లీటర్ల నీరగును. ఒక సాయంకాలము ఏబది మిల్లీమీటర్లు కురిసెనా, రెండు లక్షల లీటర్లు! ఆ నీరు ఇంకిపోక దొర్లిపోవుచు మీ ఎకరము మీదినుండి మిల్లీమీటరు మందమున మన్ను తీసికొనిపోయినచో, ఆ పోయినది అయిదు టన్నులకు పైమాటయే. అట్టి పొర యొకటి యేర్పడుటకు ఎన్నియో యేండ్లు పట్టును. దొంగ యింటిలో జొరబడి సోలెడు గింజలెత్తుకొనిపోయిన ఊరెల్ల మేల్కొందుము. ఈ దొంగతనమునకు పంచాయతీ లేదు, ఫిర్యాదు లేదు.

మన నేలల తీరు మీకు తెలియనిది కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల చుట్టు కుందేటి పొడవున నల్లరేగడి. పులివెందుల వైపు పోయిన కొలది ఎఱ్ఱనేల, గులకఱాయి, బోడికొండ. రేగడి వేసవిలో నోరు తెఱచుకొని యుండును గాని, ఒకసారి తడిసి ఉబ్బిన తరువాత నీటిని మెల్లమెల్లగా గాని త్రాగదు. మిగిలినది పైపైన పాఱి గండ్లు కోయును. ఎఱ్ఱనేల వాన దెబ్బకు పైన పెచ్చుకట్టి, క్రింది పొరకు నీటిని పోనీయదు. కడప జిల్లా వర్షపాతము సంవత్సరమునకు సగటున సుమారు ఏడువందల మిల్లీమీటర్లు; పులివెందుల వైపున నంతకంటె తక్కువ. అదియైనను నెలలకొలది మెల్లగా కురియునది కాదు. అందు చాల భాగము కొన్ని గట్టి వానలలోనే ముగిసిపోవును. కావున మన కఱవు వాన లేమి వలననే పుట్టినది కాదు. వచ్చిన వాన నిలువకపోవుట వలన గూడ పుట్టినది.

ఈ సంగతి మన పూర్వులెఱుగుదురు. ఇది వట్టి స్వాతిశయము కాదు. రాతిపై చెక్కబడిన సాక్ష్యము గలదు. మన జిల్లాలోనే పోరుమామిళ్ళలో చెఱువును గూర్చిన 1369వ సంవత్సరపు శాసనమున్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును త్రవ్వించెను. దాని పేరు అనంతరాజసాగరము. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లలో పూర్తియైనదని యందున్నది. అంతటితో ఆగినచో నది రాజుగారి కీర్తి శాసనమే యగును. కాని చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, తప్పించుకొనవలసిన ఆఱు దోషములును అందు లెక్కించి చెప్పబడినవి. గట్టి మట్టినేల యుండవలెను. కొండల నడుమ దిట్టమైన రాతికట్ట యుండవలెను. నీటి విద్య నేర్చినవాడుండవలెను. పనిలో చేయి తిరిగిన జనులుండవలెను. దోషములలో కట్టనుండి నీరు చెమర్చుట యొకటి, చౌటినేల యొకటి, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట యొకటి. కొంచెపు నీటిని నమ్ముకొని ఎక్కువ భూమిని సాగుచేయబూనుట మఱియొకటి.

ఈ చివరి దోషమును పులివెందుల సోదరులు దయచేసి మరల నొకసారి వినవలెను. చీనీతోట యెండిపోవుచున్నదని బోరు పైని బోరు వేసి, అప్పు పైని అప్పు చేసినవారు మీలో నెందఱో కలరు. వారిని నిందింపబూనుట నా యుద్దేశము కాదు. ఎండిన తోటను చూచిన రైతునకు బోరు తప్ప వేఱు దారి చూపినవారెవరు? కాని ఆరున్నర శతాబ్దముల క్రిందట మన జిల్లాలో రాతిపై చెక్కిన యా దోషము నేడు బోరు రూపమున మన పొలములలోనే యున్నది. ఇది మన పాఠశాలలలో చెప్పుచున్నారా? విజయనగర రాజుల యుద్ధముల తేదీలు పిల్లవానిచే వల్లె వేయింతురు. విజయనగరపు చెఱువుల విద్య మాత్రము వాని చెవిని బడదు.

చెఱువు కట్టిన వానికిని, దానిని బాగుచేయువానికిని దశబంధమని మాన్యమిచ్చు పద్ధతి యీ సీమలో నుండెను. మాన్యమనుభవించువాడు కట్టను కాపాడవలెను. 1800లో దత్తమండలములు కుంపిణీ చేతికి వచ్చిన పిమ్మట, 1807 వఱకు వీనిని పాలించిన మన్రో దొర, క్రొత్త చెఱువున కనువైన చోటు మిగులలేదనునంతగా ఇచటి జనులు చెఱువులు కట్టియుండిరని వ్రాసెను. దొరగారి మాటయైనను సత్యము సత్యమే! అట్టి సీమలో 1858 నాటికి కట్ట తెగకుండ కాపాడుటకు గ్రామస్థులచే నిర్బంధముగ పనిచేయించు చట్టము మద్రాసులో పుట్టినది. మునుపు మాన్యమును మర్యాదయు చేయించిన పనిని చట్టపు బెదరింపుతో చేయింపవలసి వచ్చినదన్నమాట. తరువాత లండను వాటాదారుల కంపెనీ యొకటి కర్నూలు-కడప కాలువను త్రవ్వించి, నష్టములలో మునిగి, 1882లో ప్రభుత్వమునకు అమ్మివేసినది. ఆ కాలువ వలన ప్రొద్దుటూరు ప్రాంతమున కొంత నేల పచ్చబడినమాట కాదనరాదు. కాని నీరు దూరమునుండి యెవరో తెచ్చి యిచ్చునదియను తలంపు మనలో నాటుకొన్నది గూడ ఆ కాలముననే.

ఆ తలంపు నేటికిని పోలేదు. 1937 శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమ నీటికి మొదటి స్థానమీయవలెనని పెద్దలు వ్రాసికొనిరి. ఆ హక్కు న్యాయమైనది. దానిని విడువుమని నేను చెప్పను. తరువాత పెన్నకు అడ్డముగ మైలవరము వచ్చినది, గండికోట వచ్చినది, చిత్రావతిపై పార్నపల్లె జలాశయము వచ్చినది. గండికోటలో నీరు నిలుపుటకు 2020లో తాళ్ళప్రొద్దుటూరువంటి ఊళ్ళు మునిగినవి. ఆ యూరివారి త్యాగమును తలంచినపుడైనను, అంత మూల్యమిచ్చి కట్టిన జలాశయము ఒండ్రుతో పూడిపోకుండ చూచుకొనవలెనను బుద్ధి మనకు కలుగవలదా? జలాశయపు ఆయువు దాని గోడలో మాత్రమే లేదు. పైనున్న కొండవాలులోను, మీ పొలపు గెనెములోను గలదు. 2021 నవంబరులో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి క్రిందియూళ్ళు కొట్టుకొనిపోయిన దినము మీకు గుఱుతున్నది. కట్టను కట్టుట యొక విద్య, కాపాడుట మఱియొక విద్య.

ప్రయత్నములు జరుగలేదని కాదు. 1949లోనే మద్రాసు రాష్ట్రమున సమోన్నతపు గట్లు వేయుటకు చట్టము వచ్చినది. 2000లో 'నీరు-మీరు' అనిరి. వాటర్‌షెడ్డులనిరి, 2002లో నీరు, భూమి, చెట్ల చట్టమనిరి. ఊటకుంటలు త్రవ్విరి, చెక్‌డ్యాములు కట్టిరి. డబ్బు వచ్చినంతకాలము పని సాగును; డబ్బు ఆగిన మఱునాటినుండి కుంటలో పూడిక చేరును, తీయువాడుండడు. వీనియన్నింటిలో నా మనస్సునకు నచ్చినది 2003 మొదలు కొన్ని సంవత్సరములు మన జిల్లాతో కూడ ఏడు కఱవు జిల్లాలలో, ఆఱువందలకు పైబడిన గ్రామములలో జరిగిన భూగర్భజల కార్యక్రమము. అందు బోరు వేసి యిచ్చుట లేదు, పంపు ఇచ్చుట లేదు. రైతులే వానను కొలిచిరి, బావులలో నీటిమట్టమును కొలిచిరి, ఆ లెక్కను ఊరి గోడమీద వ్రాసికొని, రబీలో ఏ పంట ఎంత వేయవచ్చునో తామే కూర్చుండి తేల్చుకొనిరి. చదువురాని స్త్రీలు గూడ కొలబద్ద పట్టిరి. వారికి ఇంజనీరు చెప్పవలసిన పనిలేకపోయెను.

ఇక పరదేశపు మాట యొకటి. 1930లలో అమెరికా మైదానములందు మితిమీరి దున్నిన నేల గాలికి లేచి, ఆ ధూళి వాషింగ్టను నగరము దాక పోయినది. బెన్నెట్ అను నేల శాస్త్రజ్ఞుడు దానినే సాక్ష్యముగ చూపి చట్టసభను ఒప్పించెను. 1935లో నేల సంరక్షణ శాఖ యేర్పడినది. శాఖ పెట్టి వారు ఊరకుండలేదు. 1937 నుండి స్థానిక జిల్లాలను, రైతులే సభ్యులుగ గల చిన్న మండలులను నెలకొల్పుకొనిరి. అట్టివి నేడు సుమారు మూడువేలున్నవి. గట్లు వేయించుట యెట్లో, పాఠశాలల పిల్లలకు మన్నును చేతికిచ్చి నేర్పుట గూడ వాని పనులలో నొకటి. వారిని చూచి వారివలెనే చేయుడని చెప్పుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. దశబంధమున్న సీమకు స్థానిక బాధ్యత క్రొత్తది కాదు.

కావున నేనడుగునది పెద్ద సొమ్ము కాదు. పాఠశాల కొక వానమాపకము. అది లేనిచో సమమైన గోడలు గల డబ్బాయు కొలబద్దయు చాలును. ప్రతి ఉదయము ఎనిమిదిన్నరకు ఒక విద్యార్థి కొలిచి గోడమీద వ్రాయవలెను. పాఠశాలకు చేరువలోనున్న బావియో వాడుకలో లేని బోరో యొకటి యెన్నుకొని, పదునైదు దినములకొకసారి త్రాడు వేసి నీటిమట్టము చూడవలెను. వాన పడుచుండగా వంకలోని నీటిని గాజుసీసాలో పట్టి, మఱునాటి దాక కదలింపక యుంచి, అడుగున పేరుకొన్న మన్నును పిల్లలకు చూపవలెను. ఆ సీసా చెప్పు పాఠమును నేను చెప్పజాలను. భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు పెన్నను పటములో చూపినది చాలును. పిల్లలను పాపఘ్ని యొడ్డునకు, కుందేటి యొడ్డునకు తీసికొనిపోయి గట్టు కోసినచోట పొరలను చూపవలెను.

కళాశాల యువకులకు వేఱు పని గలదు. మీ యూరి చెఱువు మరవ యెచట నున్నది? తూము మూయబడి యున్నదా, పాడైనదా? చెఱువునకు నీరు తెచ్చు వంకలలో నెన్ని ఆక్రమింపబడినవి, ఎవరిచేత? ఈ కడపటి ప్రశ్నకు జవాబు వ్రాయునపుడు మీ యింటివారి పేరే రావచ్చును. అప్పుడు గూడ వ్రాయవలెను. మా యూరి లెక్కలో మా పెదనాన్నగారి గెనెము వంకలోనికి మూడు బారలు జరిగియున్నట్లు తేలినది. దానిని వెనుకకు తీయించుటకు మాకు రెండు వేసవులు పట్టినది. ఆయన నాతో మాటలాడుట యీ వానకాలముననే మొదలిడెను.

ఈ పట్టికలను చేతపట్టుకొని గ్రామసభకు పోవుడు. పూడికతీత కెంత, మరవ మరమ్మతు కెంతయని అడుగుడు. అంకెలతో వచ్చినవానిని కచేరీలో రేపు రమ్మనుట కొంచెము కష్టము. వచ్చు తొలకరిలోపల ఈ మూడు ప్రాంతములలో నెన్ని పాఠశాలలు వాన లెక్క మొదలిడునో, వాని పట్టికలను ప్రతి నెలయు ఈ పత్రికకు పంపిన ప్రకటింతుమని సంపాదకులు మాట యిచ్చియున్నారు. మొదటి పట్టిక మా యూరి పాఠశాలది. అందు నిన్నటి వాన పదునాలుగు మిల్లీమీటర్లు.